టీబీ కాదన్న రోజు

సర్జన్ సాయంత్రం రౌండ్లకు వచ్చినప్పుడు జవాబు చెప్పాలి. ఇంకో గంట ఉందేమో. ఆ జవాబు చెప్పాల్సినవాడు బయట కారిడార్లో మైసూరు పాకు పంచుతున్నాడు. నరేశ్, సుశీల కడుపున పుట్టినవాడు, నన్ను పెద్దమ్మా అని పిలిచేవాడు. ఈ గది తలుపు సరిగ్గా పడదు. సందులోంచి వాడి గొంతు లోపలికి వస్తూనే ఉంది, టీబీ కాదంట చిన్నాయనా, టీబీ కానే కాదంట అని వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు, మునిసిపల్ ఎన్నికల్లో గెలిచినవాడిలాగా. మంచి మాట చెప్పినావప్పా అని వాళ్ళు మిఠాయి నములుతూ అంటున్నారు. ఏడాదిగా మా వీధి వైపు తొంగిచూడని జనం. అంటుకునేది కాదని తెలిసింది కాబట్టి ఇప్పుడు ప్రేమ పుట్టింది. ఇక్కడ మంచం మీద సుశీల వీపు వెనక దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోతోంది. పడుకుంటే ఊపిరాడదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మెడ పక్కన నరం ఉబ్బి కదులుతోంది.

ఆ నరాన్ని నేను ఏడాదిన్నర కిందటే చూశాను. దసరా బొమ్మల ముందు కూర్చుని ఒక్క పాట పాడి ఆయాసపడింది, దీపం వెలుగు పక్కనుంచి పడితే మెడలో ఆ నరం కనిపించింది, పాదాలు ఉబ్బి వేలితో నొక్కితే గుంటలు పడ్డాయి. నేను ఇంట్లో చెప్పాను. బొమ్మనహళ్ళి నర్సింగ్ హోమ్ డాక్టరుకు కూడా చెప్పాను, మెడ నరం చూడండి స్వామీ అని. ఆయన నా వైపు చూడనే లేదు. గ్యాస్ అన్నాడు. తర్వాత ఉబ్బసం అన్నాడు, పీల్చుకునే మందు ఇచ్చాడు. సుశీల దాన్ని దేవుడి పటం పక్కన పెట్టుకుని పొద్దునా సాయంత్రం హారతి తీసుకున్నంత భక్తిగా పీల్చింది. ఎక్స్‌రే తీస్తే గుండె కడవంత కనిపించింది. అప్పుడు అందరికీ హడావిడి పుట్టింది. గుండె పెద్దదవలేదట, గుండె చుట్టూ ఉన్న సంచిలో నీళ్ళు చేరాయట. సూది పెట్టి తీశారు. నీళ్ళన్నారు గానీ నేను చూశాను ఆ సీసాను, అది బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళ రంగులో ఉంది. పరీక్షల్లో ఏమీ దొరకలేదు. టీబీ పురుగు లేదు, ఇంకే పురుగూ లేదు. అయినా ఒక చిన్న డాక్టరు, మీసం ఇంకా సరిగ్గా రానివాడు, మన దేశంలో గుండె చుట్టూ నీరు చేరితే అది టీబీనే అమ్మా అన్నాడు. దొరకనిదాన్ని ఉందని అనుకోవడానికి వాళ్ళకు దేశం ఒక్కటే సాక్ష్యం చాలు. మాత్రలు మొదలుపెట్టారు. ఒంటేలు నారింజ రంగులో వస్తుంటే సుశీల భయపడి నన్ను పిలిచి చూపించింది. మందు రంగు అది, పో అన్నాను. మాత్రలతోబాటు స్టీరాయిడ్ ఇచ్చారు కాబట్టి కొన్ని వారాలు బాగయింది. బాగయింది చూశారా అన్నారు వాళ్ళు. స్టీరాయిడ్ తగ్గించగానే మళ్ళీ ఉబ్బింది, మళ్ళీ సూది. అప్పుడేమన్నారో తెలుసా, ఈమె మాత్రలు సరిగ్గా మింగడం లేదన్నారు. నేను ఎదురుగా కూర్చుని నీళ్ళ చెంబు పట్టుకుని ఒక్కొక్క మాత్రా గొంతు దిగేదాకా చూసిన మనిషిని. వాళ్ళ లెక్క తప్పితే రోగి దొంగ అవుతుంది. మందులు మార్చారు, నడుముకు సూదులు కలిపారు, చెవుల్లో హోరు మొదలైంది. చివరికి ఈ ఆసుపత్రిలో ఎవరో ఒకాయన స్కానింగ్ చూసి, నీళ్ళ సంగతి సరే, ఈ పొర ఇంత మందంగా ఎందుకుంది అని అడిగాడట. ఏడాదిలో మొదటి ప్రశ్న అది. పక్కటెముకల కింద చిన్న కోత పెట్టి ఆ పొరలో ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఆసుపత్రిలో చేర్చిన రోజు కౌంటరులో ఉన్న పిల్ల, నువ్వు పేషెంటుకు ఏమవుతావని అడిగింది. అక్కను అన్నాను. సొంత అక్కవా అంది. ఒక మొగుడికి మేమిద్దరం పెళ్ళాలం అని ఆ పిల్లకు చెప్పడం నా వల్ల కాదు, చెబితే ఆ పిల్ల మొహంలో వచ్చే నవ్వును చూడడం కూడా నా వల్ల కాదు. నాకు పిల్లలు లేరని బైరప్ప సుశీలను దొడ్డబళ్ళాపురం నుంచి తెచ్చాడు, పట్టు మగ్గాలవాళ్ళ పిల్ల, నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. వచ్చిన రోజే గడప తట్టుకుని పడబోయి గట్టిగా నవ్వింది. అప్పటినుంచి ఆ నవ్వు మా ఇంట్లో ఉంది. అన్నం నోట్లో పెట్టుకుని నవ్వుతుంది. కలలు చెబుతుంది, పొద్దున్నే, పళ్ళు తోముకోకముందే, పాము వచ్చిందక్కా, పాముకు కమ్మలుండాయి అని. నేను ఈ ఊరి బస్సు బోర్డుల మీద కన్నడ అక్షరాలు పట్టుకుని, అవే కొంచెం తిప్పితే తెలుగు అని తెలుసుకుని, ఆ తర్వాత నరేశ్ ఒకటో తరగతి పుస్తకంతో ఇంగ్లీషు మొదలుపెట్టి వాడితోబాటు పదోదాకా చదివాను. వాడు తప్పాడు, నేను పరీక్ష రాయలేదు కాబట్టి తప్పలేదు. సుశీలకు అక్షరాలు నేర్పుదామని ఒక మధ్యాహ్నం పలక పెట్టుకుని కూర్చుంటే అ దగ్గరే నిద్రపోయింది. ఇప్పుడూ అట్లాగే నిద్రపోతోంది, ప్రపంచంలో ఏదీ తన గురించి కానట్టు.

అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల గుట్టలో వెతికి ఒక వైద్యం పుస్తకం కొన్నాను పోయిన నెల, అట్ట ఊడిపోయింది, ఎవరో విద్యార్థి పేజీలన్నీ పసుపు గీతలతో నింపాడు. డిక్షనరీ పక్కన పెట్టుకుని గుండె అధ్యాయం మొత్తం చదివాను. గుండెపోటుకు నలభై పేజీలు. కవాటాలకు ముప్ఫై. గుండె పైపొరలో పుట్టే గడ్డలకు ఏముంది? చివర్లో రెండు వాక్యాలు. చాలా అరుదు. తరచుగా మరణానంతరమే తెలుస్తుంది. అంతే, పేరా మారిపోయింది, ఇంకేదో రోగం మొదలైంది. ఆ విద్యార్థి కూడా దాన్ని గీయలేదు, పరీక్షలో రాదని. ఇంత లావు పుస్తకం రాసినవాళ్ళు చచ్చాక తెలుస్తుందని రాసి చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. చచ్చాక తెలిసి ఎవరికి లాభం? రాసినవాళ్ళకే. ఇంకో వాక్యం పెరుగుతుంది.

టీబీ అన్న రోజు మా ఇంట్లో ఏం జరిగింది? నరేశ్ పెళ్ళాం స్వప్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏదో ఆఫీసులో పనిచేస్తుంది, చదువుకున్న పిల్ల, ఇంటర్నెట్టులో చూశానంది. అదే వారం సుశీల మంచం ఇంటి వెనక షెడ్డులోకి మారింది, పాత రేకుల షెడ్డు, ఒకప్పుడు పట్టు కండెలు పెట్టుకున్న గది. నెల తిరగకముందే వాళ్ళు పిల్లను తీసుకుని ఆఫీసు దగ్గర అద్దె ఫ్లాటుకు వెళ్ళిపోయారు. గుండె సంచిలో ఉండే టీబీ దగ్గితే రాదమ్మా, పైగా ఈమె మాత్రలు వేసుకుంటోంది, నేను చదివాను అని స్వప్నకు చెప్పాను. ప్రికాషన్ పెద్దత్తయ్యా అంది. ఆ ఒక్క మాటతో సంసారం మొత్తం లారీ ఎక్కింది. సుశీల గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. వాళ్ళు సినిమాకు పోతున్నట్టు. మనవరాలికి ముద్దు పెట్టబోతే స్వప్న పిల్లను చటుక్కున పక్కకు తీసింది, సుశీల ఆ ముద్దును గాలిలో పెట్టి నవ్వేసింది. నేను చూసింది ఆ నవ్వును కాదు, లారీ వెనక తాళ్ళతో కట్టిన పిల్ల ఊయలను. ఇంట్లోంచి మనుషులు వెళ్ళిపోవడం నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం చెప్పి వెళతారు. కారణం ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఆ రాత్రికే నా చాప కూడా షెడ్డులో వేసుకున్నాను. ప్రేమ అనుకోవద్దు, స్వప్నకు నేనేంటో తెలియాలి. సుశీల పొద్దున్నే కల చెప్పింది.

ఈ ఉదయం సర్జన్ తన గదికి పిలిచాడు. కుర్చీలు రెండే ఉన్నాయి. నరేశ్, స్వప్న కూర్చున్నారు, నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన నెరిసిన మనిషి, నెమ్మదిగానే మాట్లాడాడు, అంతా నరేశ్‌తోనే, ఇంగ్లీషులో. గుండె ఒక సంచిలో ఉంటుంది, ఈ గడ్డ ఆ సంచి గోడలోనే పుట్టింది, వేరే చోటినుంచి రాలేదు. గడ్డంటే ముద్ద కాదు, గోడ అంతటా పాకి, సంచి మందమై, లోపలున్న గుండెను పిండుతోంది. దానికో పేరు చెప్పాడు, మెసోథీలియోమా. తన సర్వీసు మొత్తంలో ఇది రెండోది మాత్రమేనట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్ళల్లో ఒక చిన్న మెరుపు కనిపించింది, గాలానికి చేప పడ్డవాడి మెరుపు, నేను చూశాను, ఆయన దాన్ని వెంటనే దాచేసుకున్నాడు గానీ. ఆస్‌బెస్టాస్ పని ఏమైనా చేసిందా అని అడిగాడు. దొడ్డబళ్ళాపురం మగ్గాల షెడ్డుకూ ఆ రేకులే, మా వెనక షెడ్డుకూ ఆ రేకులే. ఊపిరితిత్తి పొరలో వచ్చే గడ్డకు ఆ దుమ్ముతో సంబంధం ఉంది, గుండె పొరకు ఉందని గట్టిగా చెప్పలేం అన్నాడు. అప్పటినుంచి నా ఛాతీలో కూడా ఏదో బిగుసుకున్నట్టుంది, ఆ రేకుల కింద నేనూ పడుకున్నాను కదా, ఛీ, నా భయం నాకే అసహ్యం.

రెండు దారులున్నాయన్నాడు. ఒకటి, రొమ్ము ఎముక మధ్యకు కోసి, తెరిచి, ఆ పొరను వీలైనంత ఒలిచెయ్యడం. గుండె కండలోకి దిగి ఉంటే నెత్తురు ఆగకపోవచ్చు, బల్ల మీదే పోవచ్చు. బయటపడితే కొన్ని నెలలు, అదృష్టం ఉంటే ఇంకొంచెం. రెండోది, ఛాతీ పక్కనుంచి వెళ్ళి సంచికి చిన్న కిటికీ కొయ్యడం, నీళ్ళు ఊపిరితిత్తి పక్కకు జారిపోతాయి, ఆయాసం తగ్గుతుంది, ఇంటికి పోవచ్చు, కానీ పొర అట్లాగే ఉంటుంది, బిగుస్తూనే ఉంటుంది. ఏ దారైనా ఆ తర్వాత క్యాన్సర్ డాక్టరు మందు ఎక్కిస్తాడు, అది పనిచేస్తుందని మాట ఇవ్వలేను అన్నాడు. ఇంత స్పష్టంగా చెప్పిన డాక్టరును ఏడాదిలో చూడలేదు. కానీ ఎవరికి చెప్పాడు? నరేశ్ చెవిలో పడింది టీబీ కాదన్న మాట ఒక్కటే. దాని వెనక వచ్చినవన్నీ వాడికి వినిపించలేదు. వాడి స్నేహితుడి తల్లికి కడుపులో గడ్డ తీశారట, ఆమె ఇప్పుడు మార్కెట్టుకు నడిచి పోతోందట. పెద్ద ఆపరేషనే చెయ్యండి సార్, పూర్తిగా తీసెయ్యండి, అమ్మకు మాత్రం ఏమీ చెప్పకండి, భయపడుతుంది అన్నాడు. వింటే గుండె ఆగిపోతుంది సార్ అంది స్వప్న. ఏడాదిగా తన చర్మమే తనను పిండుతుంటే ఆగని గుండె ఒక మాటకు ఆగుతుందట. సర్జన్ తల ఊపాడు. ఇక్కడ అందరూ అదే అంటారని ఆయన ముఖంలోనే కనబడింది. సాయంత్రం ఖాయంగా చెప్పండి, రేపు ఉదయం థియేటర్ ఉంది అన్నాడు. బయటికి రాగానే నరేశ్ మొబైలు చెవికి పెట్టుకున్నాడు.

ఇప్పుడు కారిడార్లో అందరికంటే గట్టిగా మాట్లాడుతున్నది తిమ్మరాయప్ప, నా మరిది, బైరప్ప తమ్ముడు. ఆడోళ్ళకు సగం చెబితే చాలప్పా, మిగతాది మనం చూసుకోవల్ల అంటున్నాడు. చూసుకున్నాడు ఒకసారి. తొంభై నాలుగులో బైరప్ప పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు ఉదయం ఈయనే ఇంటికి వచ్చాడు, స్కూటరు దిగకుండానే, వదినా, అన్న బాగుండాడు, సాయంత్రం చారన్నం తెమ్మన్యాడు అన్నాడు. చింతపండు తగ్గించి చారు పెట్టాను, పుల్లగా ఉంటే ఆయనకు పడదని. సుశీల కరివేపాకు దూసింది, మధ్యలో ఏదో చెప్పి నవ్వింది, నేనూ నవ్వాను, నెల రోజుల తర్వాత ఇంట్లో నవ్వు. అప్పటికే ఆయన లేడు. మగవాళ్ళందరికీ తెలుసు. బండి దొరకాలి, కట్టెలు చూడాలి, ఆడవాళ్ళు ముందే ఏడిస్తే పని జరగదు. మేమిద్దరం క్యారియర్ పట్టుకుని బస్సులో నిలబడి వెళ్ళాం, మలుపు తిరిగినప్పుడల్లా చారు ఒలుకుతుందని సుశీల క్యారియర్‌ను కడుపుకు ఆనించి పట్టుకుంది. వార్డులో ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. పెరుగన్నం తింటున్నాడు. ఎవరు కావాలమ్మా అన్నాడు. ఈ పనికి వాళ్ళు పెట్టుకునే పేరు దయ. ఆ దయ ఇప్పుడు మళ్ళీ తలుపు బయట నిలబడి మిఠాయి తింటోంది.

రేపు ఉదయం ఏం జరుగుతుంది? స్ట్రెచర్ వస్తుంది. చిన్న పరీక్షమ్మా, అయిపోతుంది అంటాడు నరేశ్. ఈ మనిషి సరేనప్పా అని నవ్వుతుంది, లారీకి ఊపినట్టే చెయ్యి ఊపుతుంది. లోపలికి పోతుంది. తను ఎక్కడికి పోతోందో తనకు తప్ప కారిడార్లో అందరికీ తెలిసి ఉంటుంది. నేను గోడ పక్కన నిలబడి చూస్తాను. నాకు చెప్పే హక్కు లేదు. కాగితం మీద సంతకం కొడుకుది. ఆమె కన్నది, వాడు పుట్టాడు, నేను వాడికి ముక్కు తుడిచాను అంతే. పైగా నరేశ్‌ను ఇంతసేపు తిట్టుకుంటున్నానే, నేను కోరుకునేది మాత్రం ఏమిటి? పెద్ద ఆపరేషనే. ఇందాకటినుంచి లోపల లోపల దానివైపే మొగ్గుతున్నాను, ఒలిచెయ్యండి, ఎట్లాగైనా ఒలిచెయ్యండి, ఇంకో ఏడాది ఇవ్వండి అని. ఎవరికోసం? ఆమె పోతే ఆ ఇంట్లో నేను ఎవరిని కసురుకోవాలి? పుస్తకం మూసి తలెత్తితే ఎవరి మొహం చూసి విసుక్కోవాలి? నా భయానికి ఆమె రొమ్ము ఎముక కొయ్యాలి. నరేశ్‌కూ నాకూ తేడా, వాడికి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. అర్థమైనవాళ్ళం ఇంకా నీచంగా కోరుకుంటాం.

నర్సు స్టెల్లా వచ్చి బీపీ పట్టీ కట్టింది. గుంటూరు వైపు పిల్ల, మెడలో చిన్న శిలువ, మాట మెత్తన. అంకె చూసి రాసుకుని, నా వైపు చూసి, ఆవిడకి చెప్పారా అండీ అని గొంతు తగ్గించి అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల అయ్యో అనలేదు. ప్రార్థన చేస్తాను అనలేదు. ఈ ఆసుపత్రిలో నాకు కోపం తెప్పించని మొదటి మనిషి. పట్టీ విప్పుతున్న చప్పుడుకు సుశీల కళ్ళు తెరిచింది.

నీళ్ళు అడిగింది. ఇచ్చాను. రెండు గుక్కలకు ఒకసారి ఆగింది. స్టెల్లా వెళ్ళేటప్పుడు తలుపు గట్టిగా లాగి వెళ్ళింది, బయట గొంతులు తగ్గాయి.

"ఏందక్కా బయట అంత గలాట? పండగా?"

"నీకు టీబీ కాదని మిఠాయి పంచుతా ఉండాడు నీ కొడుకు."

"కాదా?" దిండ్ల మీంచి కొంచెం ముందుకు జరిగింది. "అయితే ఏడాది ఆ మాత్రలంతా సుమ్నే, ఊరికే మింగితినా?"

అని నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు, దగ్గు మధ్యలో నవ్వు, మెడ నరం ఇంకా ఉబ్బింది. ఆమె వీపు నిమురుతూ, ఇంతే, ఇక్కడితో ఆపేస్తే చాలు, నవ్వుతూనే ఉంటుంది అనుకున్నాను. తిమ్మరాయప్ప కూడా స్కూటరు మీద ఇట్లాగే అనుకుని ఉంటాడు. వాళ్ళిద్దరూ నవ్వుకుంటున్నారు కదా, సాయంత్రందాకా నవ్వుకోనీ అని. ఆ ఆలోచనకు ఒళ్ళు మండింది. మంచం అంచున కూర్చున్నాను.

"టీబీ కాదు. దానికంటే చెడ్డది. చెప్పల్లా వద్దా?"

"నువ్వు చెప్పకుంటే ఎవురు చెప్తారు? వాళ్ళంతా నాతో పిల్లతో మాట్లాడినట్ల మాట్లాడ్తారు."

పిడికిలి బిగించి చూపించాను, ఇది నీ గుండె అని. దానికి నా చీర కొంగు చుట్టాను, ఇది సంచి. కొంగు లోపలివైపు, గుడ్డలోనే, గడ్డ పుట్టింది, ముద్ద కాదు, గుడ్డ అంతా అదే. కొంగును మెలితిప్పి బిగించాను, వేళ్ళు తెల్లబడ్డాయి. ఆమె నా పిడికిలి వైపే చూస్తోంది. పలక చూడమంటే నిద్రపోయిన మనిషి కన్ను ఆర్పకుండా చూస్తోంది. ఇది క్యాన్సరు అన్నాను. ఆ మాట తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో అదే కాబట్టి దాక్కోవడానికి చోటు లేదు. ఆమె చెయ్యి చాచి నా కొంగు మెలిక విప్పింది, నొప్పి నాకు పుడుతోందనుకుందో ఏమో.

"పోతానా అక్కా?"

"పోతావు. ఎప్పుడో వాళ్ళకూ తెలీదు. చానా రోజులు లేవు."

ఏడుస్తుందనుకున్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది, ఎదురు మేడ మీద ఎవరో ఆరేసిన దుప్పట్లు మడత పెడుతున్నారు, అవి మడిచేదాకా చూసింది. తర్వాత, మిగతాది చెప్పు అంది. చెప్పాను. ఎముక కోసే దారి, కిటికీ కోసే దారి. బల్ల మీద పోవచ్చని చెప్పాను. పెద్దది చేస్తే ఇంకొన్ని నెలలు రావచ్చని కూడా చెప్పాను, ఆ మాట దగ్గర నా గొంతు అడుక్కునేదానిలాగా మారింది, నాకే వినిపించింది. ఆమెకూ వినిపించి ఉంటుంది. తొందరపడలేదు. ఒక్కొక్క మాటకూ ఊపిరి పోగు చేసుకుంటూ అడిగింది.

"ఆ చిన్న కిటికీ పెడితే, మాట్లాడేదానికి దమ్ము వస్తాదా?"

"వస్తాది. కొన్నాళ్ళు."

"అది చాలక్కా. ఎముక కోసేది వద్దు. బల్ల మీద పోతే ఎవురితో ఏం మాట్లాడేది?"

నేను ఏదో అనబోయాను. పుస్తకంలో ఉందనో, ఇంకెవరినైనా అడుగుదామనో. ఆమె నా మోకాలు మీద చెయ్యి వేసి నొక్కింది, అంతే, నా చదువు మొత్తం ఆ చెయ్యి కింద నోరు మూసుకుంది. ముప్ఫై ఏళ్ళు ఈ మనిషి తెలివి తక్కువదని తేల్చుకుని హాయిగా బతికాను, ఈ ఒక్క గంటలో ఆ హాయిని కూడా పోగొట్టింది. ఈమెకు ఆ నిబ్బరం ఎక్కడినుంచి వచ్చింది? నాకు రాలేదే. నేను ఎవరు ఇంట్లోంచి అడుగు బయట పెట్టినా, పాలకు పోయినా సరే, తిరిగి గేటు చప్పుడయ్యేదాకా చదివిన వాక్యమే మళ్ళీ చదువుతూ కూర్చునే మనిషిని.

"నరేశ్‌ను పిలువు. నేనే చెప్పుకుంటా వానికి."

"నేనుంటా. నీకు ఆయాసం వస్తే మిగతాది నేను చెప్తా."

"నువ్వు బయటికి పోక్కా. నువ్వుంటే వాడు ఏడ్చడు. నీ ముందర వానికి చిన్నప్పటినుంచి భయం. వాడు ఏడ్చల్ల ఇప్పుడు."

అంతదూరం తెచ్చినదాన్ని, చెప్పినదాన్ని, నన్నే పొమ్మంది. కోపం రావాలి, వచ్చింది కూడా, తలుపుదాకా ఆ కోపంతోనే నడిచాను. అందరూ నన్ను వదిలి పోవడం చూశాను గానీ, నన్ను ఎవరూ ఇట్లా మర్యాదగా బయటికి పంపలేదు. తలుపు తీశాను. నరేశ్ డబ్బా చేతిలో పట్టుకుని ఎవరికో తన స్నేహితుడి తల్లి సంగతి చెబుతున్నాడు. మీ అమ్మ పిలుస్తా ఉండాది పో అన్నాను. నా మొహం చూశాడు, వాడి నవ్వు ముందు కళ్ళలోంచి పోయి, తర్వాత నోట్లోంచి పోయింది. ఏమైంది పెద్దమ్మా అన్నాడు, ఆరేళ్ళప్పుడు పలక పగలగొట్టుకుని వచ్చిన గొంతుతో. అది చెప్పాల్సినదాన్ని నేను కాదు. డబ్బా వాడి చేతిలోంచి తీసుకుని స్వప్నకు ఇచ్చాను. వాడు లోపలికి పోయాడు, నేను తలుపు వేసి, పడని తలుపును భుజంతో నెట్టి పడేలా చేశాను.

చెప్పేసినావా ఏంది వదినా అన్నాడు తిమ్మరాయప్ప. చెప్పినా అన్నాను. స్వప్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరో అయ్యో అన్నారు, ఎవరో తప్పు అన్నారు, ఈ వయసులో ఈమెకు బుద్ధి లేదని ఒక గొంతు వెనకనుంచి వచ్చింది. అననీ. వాళ్ళకు నేను ఎప్పుడూ బుద్ధి లేనిదాన్నే, చదివితే ఎక్కువ చదివిందంటారు, చదవకపోతే ఏమనేవాళ్ళో. లోపలినుంచి ఇంకా ఏమీ వినిపించడం లేదు. ఊపిరాడకపోతే? మాట మధ్యలో పడిపోతే? తలుపు తీసి చూడాలి, ఒక్కసారి చూడాలి, చెయ్యి గడియ మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను.

అప్పుడు సర్జన్ వచ్చాడు, వెనక ఇద్దరు పిల్ల డాక్టర్లు, చేతుల్లో ఫైళ్ళు. జనం పక్కకు తప్పుకున్నారు, ఎప్పటిలాగే. ఆయన నేరుగా తలుపు దగ్గరికి వచ్చాడు. నేను పక్కకు జరగలేదు. జరగనందుకు ఆయనకంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. కన్నడంలో చెప్పాను, లోపల తల్లీకొడుకులు మాట్లాడుకుంటున్నారు, కొంచెం ఆగాలి అని. ఆయన గడియారం చూసుకున్నాడు. ఇంకా చాలామంది పేషెంట్లున్నారమ్మా, జవాబు ఒక్క మాట తీసుకుని పోతాను అన్నాడు. ఆ మాట ఆమే చెబుతుంది, వాళ్ళ మాటలు అయ్యాక చెబుతుంది, మీరు ఈసారి ఆమెనే అడగండి అన్నాను. వీపు తలుపుకు ఆనించాను. పిల్ల డాక్టరు ఒకడు ముందుకు రాబోయాడు, పెద్దాయన వాడి మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

లోపల నరేశ్ పెద్దగా ఏదో అన్నాడు, అనడం కాదు, కేక. తర్వాత ఏడుపు, మగవాళ్ళు ఏడ్చే రకంగా, మింగుతూ. తలుపు చెక్క నా వీపుకు అదురుతోంది. ఆ తర్వాత సుశీల గొంతు మొదలైంది, ఒక్కొక్క మాటకూ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ. ఏం చెబుతోందో వినిపించడం లేదు, వినకూడదని నేను చెవులు అటు పెట్టలేదు. సర్జన్ ఫైలు చంకలో పెట్టుకుని, ఎదురుగా గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.